రెండోసారి విన్నప్పుడు: ఒక శ్రవణ బృందం కేస్ స్టడీ

సంగీతాస్వాదన తరగతులు నడిపేవాళ్లందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఒక కొత్త రచన వినిపించి "ఎలా ఉంది?" అని అడుగుతాం. కొందరు మర్యాదకు "బాగుంది" అంటారు. కొందరు మొహమాటపడుతూ "మాకు అంతగా అర్థం కాలేదండీ" అంటారు. రెండు జవాబుల్లోనూ ఆ రచన గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. పరిచయం లేని సంగీతం మొదటిసారి చెవిన పడినప్పుడు మనసంతా వెతుకులాటలోనే ఉంటుంది: ఇది ఎటు పోతోంది, ఎక్కడ ముగుస్తుంది, ఇందులో పట్టుకోవడానికి ఏముంది? ఆ వెతుకులాట తెమిలేలోపే రచన అయిపోతుంది.

ఈ వృత్తిలో చాలాకాలంగా ఉన్న నాకు ఒక నమ్మకం బలపడింది. కళను ఆస్వాదించడంలో పునరావృతి చేసే మొదటి పని మన దృష్టిని ఒక చోటి నుంచి మరో చోటికి మళ్లించడం. ఇష్టం పెరగడమో తరగడమో ఆ తర్వాత జరుగుతుంది. మళ్లించిన దృష్టికి అక్కడ దొరికిన సరుకును బట్టి జరుగుతుంది. ఈ మాట దేని మీద నిలబడి అంటున్నానో చెప్పడానికి ఒక బృందంతో చేసిన పని మొత్తాన్ని ఇక్కడ రాస్తున్నాను. సభ్యుల అనుమతి ఉంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

బృందం, పద్ధతి

అందరూ పెద్దవాళ్లు. వారానికి ఒక సాయంత్రం కలుస్తాం. నలుగురి మాటలు ఈ వ్యాసంలో ఎక్కువగా వస్తాయి. ఒకరు ఉద్యోగ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు, అందరికీ ఆయన మాస్టారు. ఒకరు ఆసుపత్రిలో నర్సు. ఒకరు చిన్నతనంలో కర్ణాటక గాత్రం నేర్చుకుని, సంసారంలో పడి వదిలేసిన గృహిణి, ఆమెను అందరూ అక్కయ్యగారు అంటారు. నాలుగో వ్యక్తి పగలంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పనిచేసే యువ ప్రోగ్రామరు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతో నలుగురికీ పరిచయం లేదు. నాకు కావలసింది కూడా అదే. ముందే ఏర్పడిన భక్తి ఉంటే, వినడం వల్ల ఏమి మారిందో తెలుసుకోలేం.

పద్ధతి చాలా సాదాగా పెట్టుకున్నాను. ఒక రచనను వరుసగా కొన్ని వారాలు వినిపించాలి. ముందు ఉపన్యాసం ఉండదు, స్వరకర్త జీవితకథ ఉండదు. విన్నాక ఒకే ప్రశ్న: "ఈసారి కొత్తగా ఏమి వినబడింది?" జవాబు ఎవరి నోటుపుస్తకంలో వాళ్లు రాసుకున్నాకే చర్చ. నచ్చిందా లేదా అన్న మాట ఆఖరి వారం వరకు ఎత్తకూడదు. ఈ ఆఖరి నియమం అందరికీ కష్టమైంది. నచ్చిందో లేదో చెప్పకుండా కళ గురించి మాట్లాడటం మనకు అంతగా అలవాటు లేదు.

మాట పాటైన సాయంత్రం

రచనల్లోకి వెళ్లే ముందు ఒక చిన్న ప్రయోగం చేశాం. దీనికి మూలం 1995లో డయానా డాయిచ్ గమనించిన ఒక విశేషం. కాలిఫోర్నియాలో సంగీత మనస్తత్వ శాస్త్రం మీద పనిచేసిన ఆమె, తన వ్యాఖ్యాన రికార్డింగును సరిచేసుకుంటూ ఒక మాటల ముక్కను యంత్రంలో తిరుగుతూ ఉండగా వదిలేశారు. కాసేపటికి ఆ మాటలు ఆమెకు పాటలా వినబడసాగాయి. ధ్వనిలో ఒక్క అణువు మారలేదు, మళ్లీ మళ్లీ రావడం తప్ప.

మా గదిలో నర్సుగారు మామూలుగా అన్న ఒక వాక్యాన్ని ఆమె అనుమతితో ఫోనులో రికార్డు చేశాను: "సోమవారం నుంచి నాకు మళ్లీ నైట్ డ్యూటీ పడింది." అందులోంచి "నాకు మళ్లీ నైట్ డ్యూటీ" అన్న ముక్కను కత్తిరించి, ఆగకుండా తిరిగేలా పెట్టాను. మొదట నవ్వులు. తర్వాత విసుగు. ఆ తర్వాత మాస్టారి వేళ్లు కుర్చీ చేతి మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. 'మళ్లీ' దగ్గర గొంతు పైకి లేచి, 'డ్యూటీ' దగ్గర రెండు మెట్లు దిగుతోందని అక్కయ్యగారు పట్టుకుని, సన్నగా కూనిరాగం తీశారు. ఇంకాసేపటికి గదిలో సగం మంది అదే వరుస పలుకుతున్నారు. అప్పుడు లూప్ ఆపేసి మొత్తం వాక్యం ఒకసారి వినిపించాను. "సోమవారం నుంచి" అనేంతవరకు మాటే. "నాకు మళ్లీ" దగ్గరికి రాగానే అందరి ముఖాలూ మారాయి. మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాడటం మొదలుపెట్టినట్టు వినబడింది.

"నేను పాడలేదే!" అన్నారు నర్సుగారు. పాడలేదు, నిజమే. మామూలు సంభాషణలో మనకు అర్థం కావాలి, అర్థం అందగానే ధ్వనిని వదిలేస్తాం. అదే మాట పదేపదే వస్తే అర్థంతో ఇక పని ఉండదు. అప్పటిదాకా పక్కన పడి ఉన్న ఎత్తుపల్లాలు, నిడివి, ఊనిక ముందుకొస్తాయి. పునరావృతి చేసే పని ఇంత స్పష్టంగా, ఇంత తక్కువ సమయంలో కనబడే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. కొత్త బృందంతో దీన్ని తప్పకుండా చేయమని తోటివాళ్లకు చెబుతూ ఉంటాను.

బొలేరో: మారనిదాన్ని వినడం

మొదటి పెద్ద రచన ఫ్రెంచ్ స్వరకర్త మోరిస్ రవెల్ 1928లో స్వరపరచిన 'బొలేరో'. నర్తకి ఇడా రూబిన్‌స్టైన్ కోరిక మీద నృత్యం కోసం రాసింది. పావుగంట అటూఇటుగా నడుస్తుంది. అందులో స్నేర్ డ్రమ్ (పుల్లలతో వాయించే చిన్న డోలు) రెండు బార్ల (బారు అంటే లయ కొలిచే చిన్న ఖండం) లయను మొదలుపెట్టి చివరిదాకా వదలదు, అది మొత్తం 169 సార్లు వస్తుంది. దాని మీద రెండే రెండు వరుసలు. ఒకటి నిర్మలంగా సాగుతుంది, రెండోది కొంచెం వంపులు తిరిగి కిందికి దిగుతుంది. వాటినే ఒక వాద్యం తర్వాత ఒక వాద్యం ఎత్తుకుంటాయి: ఫ్లూట్, క్లారినెట్, బస్సూన్, ఇంకా ఇంకా. వరుస మారదు. శబ్దం మాత్రం మెల్లగా పెరుగుతూ ఉంటుంది.

మొదటి వారం నోటుపుస్తకాల్లో పడినవి ఇవి. మాస్టారు: "ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోయాను." ప్రోగ్రామరు: "లూప్. దీన్ని నేను పది నిమిషాల్లో కంప్యూటర్ మీద చేసిపెట్టగలను." నర్సుగారు: "చివర్లో భయం వేసింది." అక్కయ్యగారు: "రాగం ఎక్కడా పెరగడం లేదు."

అక్కయ్యగారి మాట దగ్గర ఆగాలి. ఆమె చెవి కర్ణాటక సంగీతంలోని 'సంగతులకు', అంటే ఒకే పంక్తిని ప్రతిసారీ కొంచెం పెంచి పాడే పద్ధతికి, అలవాటు పడింది. కీర్తనలో పల్లవి మొదటిసారి సాదాగా వస్తుంది. అదే సాహిత్యం రెండోసారి కొంచెం మెలిక తిరుగుతుంది, మూడోసారి ఇంకొంత ఎత్తుకు పోతుంది. కృతిలో సంగతులను ఆ స్థాయికి తెచ్చిన ఘనత త్యాగరాజుకు ఇస్తారు. అక్కడ మాటలు నిలబడతాయి, స్వరం పెరుగుతుంది. బొలేరోలో స్వరం నిలబడుతుంది, వాద్యం మారుతుంది. ఎదుగుదలను స్వరంలో వెతకడం అలవాటైన చెవికి మొదటి వారం ఇక్కడ ఏమీ దొరకలేదు. రెండో వారం కూడా ఆమె దాదాపు అదే రాశారు. నేను ఏమీ సూచించలేదు. ఇలాంటి చోట 'వాద్యాల రంగు గమనించండి' అని ఒక్క మాట చెబితే పని సులువవుతుంది, కానీ ఆ రంగును తన చెవితో తాను కనుక్కునే అవకాశం పోతుంది. చెప్పి చూపించినదాన్ని జనం ఒప్పుకుంటారు, తాము పట్టుకున్నదాన్ని సొంతం చేసుకుంటారు.

మూడో వారం ఆమె తలెత్తి, "అక్కడ వాయించింది ఏ వాద్యమండీ?" అని అడిగారు. ఆమె అడిగిన చోటు నాకు చాలా ఇష్టమైన చోటు. మొదటి వరుసను ఫ్రెంచ్ హార్న్ ఎత్తుకుంటుంది, దానితో పాటు చిరుగంటల్లా మోగే కీబోర్డు వాద్యం సెలెస్టా. పైన రెండు పికోలోలు (చిన్న ఫ్లూట్లు) అదే వరుసను వాయిస్తాయి, కానీ వేరే శ్రుతుల్లో: హార్న్ సి మేజర్‌లో ఉంటే, ఒక పికోలో జి మేజర్‌లో, మరొకటి ఇ మేజర్‌లో. కాగితం మీద చూస్తే అపశ్రుతి కావాలి. చెవికి మాత్రం లోకంలో లేని ఒక కొత్త వాద్యం పుట్టినట్టు ఉంటుంది.

ఆ కొద్ది క్షణాల భాగాన్నే విడిగా తీసి, వరుసగా వినిపించాను. మొదటిసారి ఆమెకు ఒకే వాద్యం వినబడింది. రెండోసారి "లోపల ఏదో మోగుతోంది" అన్నారు. ఇంకోసారి వినిపించగానే కళ్లు మూసుకుని, "తంబురాలో ఉంటుందే, అది!" అన్నారు. శ్రుతి బాగా కుదిరిన తంబురాలో షడ్జమం తీగ మీటితే, ఎవరూ మీటని అంతర గాంధారం పైన తేలుతుంది. పంచమమూ ఉంటుంది. ఏ స్వరంలోనైనా ప్రకృతి సహజంగా ఉండే ఉపస్వరాలవి. రవెల్ వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, ఒక్కో వాద్యానికి అప్పగించాడు. ఈ వివరణ నేను ఇచ్చింది తర్వాతే. ఆమె చెవి దాన్ని అప్పటికే పట్టుకుంది. వరుస మారి ఉంటే ఆ చెవి వరుస వెంట పోయేది. వరుస కదలకుండా నిలబడినందువల్లే అది నాదంలోకి దిగింది.

ఆ వారం మాస్టారు ఒక మంచి ప్రశ్న వేశారు. "అదే స్వరం, అదే లయ. మారనిదాన్ని మళ్లీ చెప్పడం పునరుక్తి దోషం కాదా?" ఆయనకు పద్యాలంటే ప్రాణం. అందుకని పద్యంతోనే జవాబు చెప్పాను. పోతన భాగవతంలో ప్రహ్లాదుడు "కమలాక్షు నర్చించు కరములు కరములు" అంటాడు. మొదటి 'కరములు' అంటే చేతులు. రెండో 'కరములు' అన్నా చేతులే. అర్థం మారలేదు, తాత్పర్యం మారింది: అవే చేతులంటే చేతులు. అలంకార శాస్త్రం దీన్ని లాటానుప్రాస అని ప్రత్యేకంగా గుర్తించింది. మొదటిసారి వచ్చిన మాట వస్తువును చూపిస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు వస్తువు మనకు ముందే తెలుసు కాబట్టి మనసు దాని విలువ మీదికి పోతుంది. మాస్టారు ఆ సీసపద్యాన్ని అక్కడే పూర్తిగా చదివారు. "కరములు" దగ్గర రెండోసారి గొంతు దానంతటదే బరువెక్కడం అందరం విన్నాం.

ఇక బొలేరో చివరి భాగం. పావుగంట సేపు సి మేజర్‌లో కట్టిపడేసిన రచన, ముగింపుకు ముందు ఒక్కసారిగా ఇ మేజర్‌లోకి దూకి, కొద్దిసేపట్లోనే వెనక్కి వచ్చి, కుప్పకూలినట్టు ముగుస్తుంది. మొదటి వారం దీని గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. నర్సుగారి భయం బహుశా దీనిదే, కానీ ఆమె దాన్ని గుర్తించలేదు. ఆఖరి వారానికి మాస్టారు ఆ మలుపుకు కొన్ని క్షణాల ముందే కుర్చీలో నిటారుగా కూర్చోవడం చూశాను. మలుపు రాగానే ముఖం విప్పారింది.

దీన్ని చూసే ప్రోగ్రామరు అడిగాడు: "వస్తుందని ముందే తెలిసినప్పుడు ఇంక ఆనందం ఎక్కడిది?"

చాలామంది అడిగే ప్రశ్న ఇది, దీనికి గట్టి జవాబే ఉంది. 2011లో కెనడాలోని మాంట్రియాల్ పరిశోధకులు, తమకు బాగా ఇష్టమైన, ఒళ్లు గగుర్పొడిచే సంగీతాన్ని వింటున్నవారి మెదడును పరిశీలించారు. ఆనందం శిఖరానికి చేరినప్పుడు ఒక చోట డోపమైన్ అనే, సంతోషంతో ముడిపడిన రసాయనం విడుదలవుతోంది. ఆ శిఖరం రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో మెదడులోని మరో చోట కూడా విడుదలవుతోంది. ఎదురుచూపు సంతోషానికి ముందు జరిగే ఖాళీ ఏమీ కాదు, అదీ సంతోషంలో భాగమే. ఎదురుచూడాలంటే ముందు తెలిసి ఉండాలి. పునరావృతి ఆ తెలివిడిని ఇస్తుంది. పైగా, బుద్ధికి మలుపు తెలిసినా చెవి ప్రతిసారీ కొత్తగానే మోసపోతుంది. పావుగంట పాటు ఒకే శ్రుతికి అలవాటు చేసిన నడక మళ్లీ మొదటి నుంచి దాన్ని నమ్మిస్తుంది. చిన్నపిల్లలు ఒకే కథను రోజూ చెప్పించుకుని, ఒక్క మాట మార్చినా ఒప్పుకోకపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

వెబెర్న్: వెనక్కి రాని సంగీతం

రెండో రచనను బొలేరోకు పూర్తిగా వ్యతిరేకంగా ఉండేలా ఎంచుకున్నాను. ఆస్ట్రియా స్వరకర్త ఆంటన్ వెబెర్న్ 1914లో చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తీగవాద్యం), పియానోలకు రాసిన మూడు చిన్న ముక్కలు, ఓపస్ 11. మూడూ కలిపి రెండు మూడు నిమిషాలు. బార్ల లెక్కన తొమ్మిది, పదమూడు, పది. మొదటిదీ మూడోదీ మెల్లగా, దాదాపు గుసగుసగా సాగుతాయి, రెండోది ఉద్ధృతంగా వచ్చి తెగిపోతుంది. గుర్తుపట్టగల వరుస ఏదీ తిరిగి రాదు. పట్టుకునేలోపు పోతుంది.

ఇక్కడ పద్ధతి కొంచెం మార్చాను. రచన అంత చిన్నది కాబట్టి ఒకే సాయంత్రం వినిపించి, కాసేపు ఆగి, మళ్లీ వినిపించాను. మొదటి వారం అందరి ముఖాల్లో దిగులే. "శ్రుతి చేసుకుంటున్నారేమో అనుకున్నాను" అని ప్రోగ్రామరు నిజాయితీగానే అన్నాడు. నర్సుగారు మాత్రం "ఎవరో చెప్పబోయి ఆగిపోయినట్టుంది" అని రాసుకున్నారు. ఆ మాట ఆ బృందం నుంచి వచ్చిన అత్యుత్తమ వాక్యాల్లో ఒకటి.

రెండో వారం ఒక ప్రయోగం చేశాం. ఎలిజబెత్ మార్గులిస్ అనే పరిశోధకురాలు ఆధునిక స్వరకర్తలు లూచానో బెరియో, ఎలియట్ కార్టర్‌ల కఠినమైన రచనల్లోంచి కొన్ని భాగాలు తీసుకుని, వాటిలో చిన్న చిన్న ముక్కలు మళ్లీ వచ్చేలా కంప్యూటర్‌లో అతికించారు. ఏ కళాదృష్టీ లేకుండా చేసిన ఆ అతుకుల రూపాలే అసలు రచనల కన్నా ఎక్కువ ఆనందాన్నిచ్చాయని, ఎక్కువ ఆసక్తికరంగా ఉన్నాయని శ్రోతలు అన్నారు. అంతకన్నా ఆశ్చర్యం, అవే మనిషి చేసినవిగా తోచాయన్నారు. యంత్రం అతికించినదే మనిషి చేసినట్టు అనిపించింది! మళ్లీ వచ్చిందంటే ఎవరో కావాలనే పెట్టారని మన మనసు అర్థం చేసుకుంటుంది.

వెబెర్న్ మూడో ముక్కకు నేనూ అలాంటి అతుకుల రూపం ఒకటి తయారుచేశాను. చెల్లో స్వరాలు పియానోతో కలిసే ప్రతి చిన్న కదలికా వెంటనే ఇంకోసారి వస్తుంది. బృందం ఊపిరి పీల్చుకుంది. ప్రోగ్రామరు "ఇప్పుడు దీనికి తలా తోకా ఉన్నాయి" అన్నాడు. తర్వాత అసలు రచన వినిపించాను. ఈసారి దిగులు లేదు, ఫిర్యాదు ఉంది. మాస్టారు: "అక్కడ మళ్లీ రావాలి కదా, రాలేదేమిటి?"

ఆ ఫిర్యాదు చాలా విలువైనది. తిరిగి రావడం లేదన్న సంగతి ఆయనకు మొదటిసారిగా వినబడింది. లేనిది వినబడటం పెద్ద విషయం. వెబెర్న్ ఆ లోటుతోనే రచన కట్టాడు. అతుకుల రూపం నచ్చిందని దానితో ఆగిపోతే వెబెర్న్‌కు అన్యాయం చేసినట్టే. దాని పని తలుపు తెరిచేంతవరకే. బొలేరోలో స్వరకర్త తానే మళ్లీ మళ్లీ వాయించి చెవిని తయారుచేస్తాడు. వెబెర్న్ ఆ బాధ్యతను వినేవాడికి వదిలేస్తాడు. రచన వెనక్కి రాదు కాబట్టి శ్రోతే రచన దగ్గరికి వెనక్కి వెళ్లాలి. ఈ తేడాను తోటి అధ్యాపకులు గట్టిగా పట్టుకోవాలని నా మనవి. లోపల పునరావృతి తక్కువగా ఉన్న కళకు బయటి పునరావృతి ఎక్కువ కావాలి. ఒకసారి వినిపించి "ఆధునిక సంగీతం మీకు పట్టదు" అని తేల్చేయడం వినేవాళ్ల మీద నింద వేయడమే.

చివరి వారంలో అక్కయ్యగారు మొదటి ముక్క గురించి ఒక పేజీ నిండా రాశారు. చెల్లో తీగ మీద వేలు తాకీ తాకనట్టు ఆనించి పలికించే హార్మోనిక్ స్వరాలు ఆమెను పట్టేశాయి. బొలేరోలో ఉపస్వరాలను వెతికిన చెవి ఇక్కడ వాటిని తేలికగా గుర్తుపట్టింది. ప్రోగ్రామరు మాటను మాత్రం యథాతథంగా ఇస్తున్నాను: "నాకు ఇప్పటికీ నచ్చలేదు టీచర్‌గారూ. కానీ రెండోదాంట్లో ఆ ఉద్ధృతి ఎక్కడ లేచి ఎక్కడ తెగుతుందో చూపించమంటే చూపిస్తాను." చేత్తో గాలిలో గీసి చూపించాడు కూడా, కచ్చితంగా. నా లెక్కలో ఈ కేసులో అతనిదే అన్నిటికన్నా పెద్ద ప్రగతి. అతనికి రచన వినబడింది. నచ్చకపోవడం అతని హక్కు.

అరిగిపోయిన రచన

మూడోది పోలిక కోసం పెట్టినది. కీబోర్డు, తీగవాద్యాలతో మెత్తగా చేసిన ఒక ప్రశాంత సంగీతం, పేరు చెప్పను. మొదటి వారం మూడు రచనల్లోకీ దీనికే ఎక్కువ ఆదరణ. నియమం పక్కన పెట్టి మరీ "ఇది బాగుందండీ" అన్నారు. రెండో వారం నోటుపుస్తకాల్లో రెండేసి మాటలు. మూడో వారం అడిగిన ప్రశ్నకు గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. కొత్తగా ఏమీ వినబడలేదు. మాస్టారికి అది విసుగుగా మారింది, ఆ విసుగును ఆయన దాచుకోలేదు.

పదేపదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జైయాన్స్ చూపించాడు. అర్థం లేని పదాలు, తెలియని లిపి అక్షరాలు, మనుషుల ఫొటోలు, ఏవైనా సరే, ఎక్కువసార్లు కనబడినవే జనానికి ఎక్కువ నచ్చాయి. ఈ ఫలితాన్ని కళకు నేరుగా అంటగట్టి "అంతా అలవాటే" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 2013లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు ఈ వాదాన్నే పరీక్షకు పెట్టారు. అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయిన థామస్ కింకేడ్ చిత్రాలను, 19వ శతాబ్దపు చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే చిత్రాలను విద్యార్థులకు మళ్లీ మళ్లీ చూపించారు. ఎక్కువసార్లు చూసేకొద్దీ కింకేడ్ చిత్రాల మీద ఇష్టం తగ్గింది. మిలే చిత్రాల విషయంలో అలా జరగలేదు. పరిచయమే అన్నిటినీ నిర్ణయిస్తే ఇద్దరి విషయంలోనూ ఇష్టం పెరగాలి కదా. చూడటానికి ఏదో మిగిలి ఉన్న చోట చూపు నిలుస్తుంది, లేనిచోట లేనట్టే కనబడుతుంది. మా ప్రశాంత సంగీతానికి పట్టిన గతీ అదే.

ఒక సవరణ మాత్రం అవసరం. నర్సుగారు ఆ సంగీతాన్ని ఫోనులో పెట్టుకున్నారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపట్టడానికి రోజూ వింటారట, ఆమెకు విసుగు లేదు. అక్కడ ఆమె వినడం లేదు, విశ్రమిస్తున్నారు. ఆ పనికి కొత్తదనం అడ్డం, తెలిసిన మెత్తదనమే మందు. ఆ ఉపయోగాన్ని తక్కువ చేసి చూడను. ఆస్వాదన అనే పనికి అది సరిపోదని మాత్రమే అంటున్నాను.

మంచి రచనకూ అలసట ఉంటుంది, అది వేరు. బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన వక్రరేఖ ప్రకారం, పరిచయం పెరిగేకొద్దీ ఇష్టం ఎక్కి, ఒక దశ దాటాక దిగుతుంది. నా అనుభవంలో ఆ దిగుడును నిర్ణయించేది ఒక వినికిడికీ మరో వినికిడికీ మధ్య ఉండే ఎడం. బొలేరోను ఒకే సాయంత్రం వెంటవెంటనే వినిపించమని ఒకసారి బృందమే అడిగింది. రెండోసారికే సగం మంది ఫోనులు చూసుకున్నారు. వారం ఎడంతో వినిపించినప్పుడు ఎవరూ అలసిపోలేదు. మధ్య రోజుల్లో రచన లోపల తిరుగుతూనే ఉంటుంది. స్నేర్ డ్రమ్ లయను వార్డులో ట్రే మీద వాయిస్తూ దొరికిపోయానని నర్సుగారు చెప్పారు. మరచిపోవడానికి కొంచెం, గుర్తుపెట్టుకోవడానికి కొంచెం సమయం కావాలి. చిన్న ముక్కలకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వెబెర్న్‌ను వెంటనే మళ్లీ వినకపోతే ఏమీ మిగలదు.

ఈ కేసు తర్వాత తరగతిలో చేసిన మార్పులు

వినిపించే రచనల సంఖ్య బాగా తగ్గించాను. కాలక్రమంలో వందల పేర్లు తిరగేసే పాఠ్యక్రమం సమాచారం ఇస్తుంది, చెవిని ఇవ్వదు. వివరణను రెండో వినికిడి తర్వాతకు నెట్టాను. శ్రోత తాను పట్టుకున్న చోటును అడిగినప్పుడు, ఆ చోటునే విడిగా తీసి తిప్పి తిప్పి వినిపిస్తాను. 'ఎలా ఉంది' అన్న ప్రశ్నను తరగతి నుంచి దాదాపుగా తొలగించాను.

చిత్రకళ తరగతి నడిపే మిత్రులు ఇదే పద్ధతిని చిత్రాలకు వాడుతున్నారు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే రూవాన్ పట్టణంలోని చర్చి ముఖద్వారాన్ని వేర్వేరు వెలుగుల్లో 30కి పైగా చిత్రాలుగా వేశాడు. ఒకటి చూస్తే చర్చి కనబడుతుంది, వరుసగా చూస్తే వెలుగు కనబడుతుంది. బొలేరోలో వాద్యాలు చేసే పనిని అక్కడ పొద్దు చేస్తుంది.

ఇంకొకటి చేర్చాను. రచన బాగా పరిచయమయ్యాక, చివరి వారంలో వేరే వాద్యబృందం రికార్డింగు పెడతాను. ఈ బృందానికి రెండు బొలేరోలు వినిపించాను: రవెల్ కోరుకున్నట్టు నింపాదిగా సాగేది ఒకటి, చాలా వేగంగా నడిచేది ఒకటి. ఏది ఏదో చెప్పలేదు. వేగంగా నడిచేది మొదలై ఫ్లూట్ తన వరుస ముగించకముందే అక్కయ్యగారు తల అడ్డంగా ఊపారు. "ఇంత తొందరైతే ఆ హార్న్ దగ్గరికి వచ్చేసరికి తంబురా మోగదు" అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. వేగం వల్ల చివరి మలుపుకు పదును వచ్చిందని ఆయన వాదన. ఇద్దరూ ఆ రెండు చోట్లను మళ్లీ వినిపించమన్నారు, వినిపించాను, వాదన తెగలేదు.

1930లో పారిస్‌లో వాద్యబృంద నిర్వాహకుడు తోస్కనీనీ బొలేరోను తన ఇష్టం వచ్చినంత వేగంగా నడిపించినప్పుడు రవెల్ ఆయనతో ఇదే విషయం మీద గొడవపడ్డాడని అప్పుడు చెప్పాను. ప్రోగ్రామరు ఆ రోజు ఇంటికి వెళ్లేముందు రెండు రికార్డింగులూ తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి, స్నేర్ డ్రమ్ వేగం ఎక్కడైనా కదులుతోందేమో కొలిచి చూస్తానన్నాడు. వచ్చే వారం తరగతి ఆ కొలతలతోనే మొదలవుతుంది.